కుండకు తగిలించిన పేరు

మనిషిని ఒకసారి పైనుంచి కిందికి చూస్తే బరువెంతో చెప్పగలను. ధాన్యం బజారులో కాటా దగ్గర సగం జీవితం గడిపినవాణ్ణి. బస్తా వీపు మీద పడగానే హమాలీ మోకాలు వంగిన తీరు చూసి తూకం చెప్పేవాణ్ణి. తర్వాత కాటా వేస్తే తేడా పిడికెడు ఉంటే ఎక్కువ. కరెంటు కాటాలు వచ్చాక నా కంటికి గిరాకీ పోయింది. అప్పుడే మా బావమరిదీ నేనూ కలిసి ఒక పాత రంగులరాట్నం కొన్నాం. నిలువుగా తిరిగే పెద్ద ఇనుప చక్రం, దాని చుట్టూ తొట్లు. ఎక్కడ ఖాళీ మైదానం అద్దెకు దొరికితే అక్కడ నిలబెట్టుకోవడం, జనం తగ్గితే విప్పుకుని పోవడం.

దిగాక తెలిసింది, ఇక్కడా పని తూకానిదే. జనాన్ని తొట్లలో ఎలా పడితే అలా ఎక్కించకూడదు. ఒక తొట్టిలో ఎంత బరువు కూర్చుంటే సరిగ్గా దాని ఎదుటి తొట్టిలో అంత బరువు కూర్చోవాలి. లేకపోతే బరువున్న వైపు చక్రం కిందికి పరుగెత్తుతుంది. బ్రేకు కాలుతుంది, మోటారు మూలుగుతుంది. జనం పలచగా ఉండి జత కుదరనప్పుడు మాలోనే ఒకరం ఎదుటి తొట్టిలో ఎక్కుతాం. తక్కెడ ముల్లు సరిచేయడానికి తేలిక పళ్లెంలో వేసే దాన్ని పాసంగం అంటారు కదా, మేం ఆ ఎక్కిన మనిషిని పాసంగం అంటాం. బావమరిది పాసంగం, నేను పాసంగం, టికెట్ల గదిలో కూర్చునే మా ఆవిడ కూడా ఎన్నోసార్లు పాసంగం. సంసారంలోనూ అదే లెక్క అంటుంది తను. ఎవరు ఎవరికి పాసంగమో మాత్రం చెప్పదు.

బండిచక్రానికి నడుమ, అంచు నుంచి వచ్చే ఆకులన్నీ దిగే ముద్దను కుండ అంటారు. మా రాట్నానికీ కుండ ఉంది. ఇనుప కుండ, అటూ ఇటూ మందపాటి రేకులు, వాటికి బోల్టులతో బిగించిన ఆకులు, లోపల ఇరుసు. పైన ఎవరెక్కి కేరింతలు కొట్టినా ఆ బరువంతా చివరికి వచ్చి పడేది దాని మీదే. ఎప్పుడూ ఎవరూ దాని వంక చూడరు.

చూసేలా చేయాలని బావమరిదికి బుద్ధి పుట్టింది.

"బావా, ఊళ్లో చెప్పుల కొట్టు కూడా హబ్ అయిపోయింది. చెప్పుల హబ్, కళ్లజోళ్ల హబ్, జిరాక్స్ హబ్. మనకేమో పేరే లేదు. జనం 'ఆ చక్రం' అంటున్నారు."

"చక్రాన్ని చక్రం అనక చట్టి అంటారా?"

"నీతో ఇదే బాధ. బేరానికి పేరు ముఖ్యం."

మా అమ్మాయి అప్పుడు సెలవు మీద వచ్చి ఉంది. తను నిఘంటువులు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తుంది. ఒక్కో మాట ఎక్కడ పుట్టింది, ఎవరింట పెరిగింది, ఎవరితో లేచిపోయింది అని ఆరా తీయడం ఉద్యోగం. జీతమిచ్చి మరీ ఆరా తీయిస్తారంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

"హబ్ అంటే అసలు మీ కుండే మామయ్యా," అంది అమ్మాయి. "చక్రం నడుమ ముద్దకి ఇంగ్లీషు పేరు అది. దుకాణాలూ విమానాశ్రయాలూ తర్వాత తెచ్చుకున్నాయి. వాళ్లది అరువు సరుకు, మీది సొంతం."

ఆ మాటతో బావమరిది ఇక ఆగలేదు. నల్లరేకు మీద ఎర్రరంగుతో 'హబ్' అని రాయించి, తెచ్చి కుండ మీదే పెట్టాడు. వైరుతో కడితే ఊగుతుందని కుండ రేకుకి డ్రిల్లుతో నాలుగు మూలలా చిల్లులు వేసి, బోల్టులతో బిగించాడు. చక్రం తిరిగితే అక్షరాలు తలకిందులవుతాయి కదరా అంటే, అదే అందం అన్నాడు. అందరం బాగుందన్నాం.

మర్నాడు మధ్యాహ్నం గేటు తెరిచేసరికి చుట్టుపక్కల దుకాణాలు ఇంకా పరదాలు ఎత్తుతున్నాయి. నీళ్ల ట్యాంకరు రాలేదు. డబ్బాలన్నీ ఖాళీగా వరసలో పడి ఉన్నాయి. మైదానం పక్క గోడౌనులో సరుకు దించుతుంటే ఖాళీగా కూర్చోలేక ఒక లారీ డ్రైవరు వచ్చాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. బల్ల మీద కూర్చుంటే బల్ల ముందు ఆలోచించుకుంటుంది.

"ఒక్కణ్ణే ఉన్నానని తిప్పనంటారా ఓనరు గారూ?"

"ఎందుకు తిప్పం తమ్ముడూ. బోణీ బేరం."

"నేనెక్కుతా నాన్నా," అంది అమ్మాయి. "పేరు పెట్టాక మొదటి చుట్టు నాది."

ఆయన్ని చూశాను, అమ్మాయిని చూశాను. ఎదుటి తొట్టిలో అమ్మాయిని కూర్చోబెట్టి, కాళ్ల దగ్గర పనిముట్ల పెట్టె, దాని పక్కన విరిగిన గేరు చక్రం ఒకటి పెట్టాను. ముల్లు నిలబడింది. బావమరిది మోటారు వేశాడు.

నాలుగైదు చుట్లు బాగానే తిరిగింది. తర్వాత ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. చక్రం మొత్తం ఒక పక్కకి ఒరిగి మళ్లీ సర్దుకుంది. బావమరిది మోటారు కట్టేసి బ్రేకు పట్టాడు. ఆగేసరికి డ్రైవరు తొట్టి అట్టడుగున, ఎక్కే మెట్టుకి జానెడు దూరంలో ఉంది. మా అమ్మాయి తొట్టి నడినెత్తిన ఉంది.

మైదానంలోనే ఉండే వెల్డరు నిచ్చెన వేసుకుని కుండ దాకా ఎక్కి చూశాడు. దిగి వచ్చి చెప్పాడు.

"ఒక చిల్లు నుంచి ఇంకో చిల్లుకి పగులు. మూడోదాని వైపు నడుస్తోంది."

"అతుకుతావా?"

"బరువు మీదున్నదాన్ని వేడి చేస్తే మెత్తబడి ఇంకా నోరు తెరుస్తుంది. ముందు మనుషులు దిగాలి."

"చేత్తో తిప్పి దించితే?"

"తూకం సరిగ్గా ఉండి, నిదానంగా తిప్పితే సగం చుట్టు తట్టుకుంటుందేమో. కుదుపు తగిలితే మాత్రం నేను మాటివ్వలేను."

ఫైరింజనుకి ఫోన్ చేశాం. ఊరికి ఆ చివర నుంచి రావాలట. అమ్మాయి దిగి రావడానికి ఆకులు తప్ప దారి లేదు. ఆ సన్నటి ఆకుల మీద మనిషి పాకితే కుదుపే కుదుపు. అంటే నా కూతురు పైన బతికుండాలంటే ఈ డ్రైవరు కింద కూర్చుని ఉండాలి. ఆయన లేస్తే పైన బరువు ఒంటరిదవుతుంది, కుండ మెలిపడుతుంది. ఆయన బదులు బరువు పెడదామంటే నీళ్లు లేవు. బావమరిది గోనెసంచులూ గునపమూ తెచ్చి మట్టి తవ్వడం మొదలెట్టాడు. నేల రాయిలా ఉంది. గునపం దిగిన ప్రతిసారీ చారెడు పెళ్ల లేస్తోంది.

డ్రైవరు తొట్టి గొలుసు విప్పి ఒక కాలు బయట పెట్టాడు. నేను వెళ్లి ఆ మోకాలు పట్టుకున్నాను.

"దిగకు తమ్ముడూ. మా అమ్మాయి పైనుంది."

"చూశానండీ. కుండ పగిలితే చక్రం కూలేది నా నెత్తి మీదే. అది మీరు చూశారా?"

బేరాల్లో పుట్టి పెరిగినవాణ్ణి. ఎదుటివాడి మాటలో ఎక్కడో ఒక చోట తరుగు దొరుకుతుంది. ఆ మాటలో దొరకలేదు.

"నీకేం కావాలో అడుగు."

"నాకు దిగాలనుంది. అది తప్ప మీ కొట్లో నాకు కావాల్సిందేం లేదు."

నా జేబులో ఫోన్ మోగింది. అమ్మాయి.

"ఎందుకాపారు నాన్నా? లేచి చూడనా?"

"కూర్చో తల్లీ. కదలకు."

"కుండేనా?" అంది.

"అవును."

"ఎంత?"

"నువ్వు కదలకుండా ఉంటే సరిపోయేంత."

ముఖం తెలియని సరుకుని వదిలి పోవడం ఎవరికైనా తేలిక. అందుకే బట్టలకొట్టువాడు ముందు చీర మడత విప్పి కొనేవాళ్ల చేతిలో పెడతాడు. తడిమి చూసినదాన్ని కిందపెట్టి పోవడం కష్టం. నేను ఫోన్ స్పీకరు పెట్టి డ్రైవరు చేతిలో పెట్టాను.

"అమ్మా, నిన్న మామయ్యకి చెప్పావే, హబ్ అనే మాట పుట్టుక. ఈ అన్నకి చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

అమ్మాయికి అర్థమైంది. మొదలెట్టింది. "హబ్ అంటే మీకు తెలిసే ఉంటుందన్నా."

"తెలియకపోవడమేంటి చెల్లెమ్మా," అన్నాడు డ్రైవరు ఫోన్ వైపు కాక పైకి చూస్తూ. "బండి ఆపగానే దిగి చేత్తో తడిమి చూస్తాం. చెయ్యి కాలిందంటే బేరింగు పోయినట్టు. మేం హబ్బులకి గ్రీజు పెడతాం. పేర్లు పెట్టం."

తవ్వుతున్న బావమరిది తల ఇంకా వంచుకున్నాడు.

"ఆ పేరు ఊసెత్తింది నేనేనన్నా," అంది అమ్మాయి.

"సరే, చెప్పు. బయట పెట్టిన కాలు బయటే ఉంది, తొందరగా చెప్పు."

"ముందు ఇంగ్లీషువాళ్లు దీన్ని నేవ్ అనేవాళ్లు. మన నాభికి అది చుట్టం, ఒక తల్లి పిల్లలే. మనకీ పొట్ట నడుమ నాభి, చక్రం నడుమ నాభి. ఆ తర్వాత ఎక్కడో పల్లెటూళ్లలో బండ్లు చేసేవాళ్లు హబ్ అన్నారు. చాలాకాలం అది వాళ్ల మధ్యే ఉండిపోయింది. సైకిళ్లొచ్చాక ఊరూరా తిరిగింది."

"ఎందుకలా అన్నారట?"

"ఖాయంగా ఎవరికీ తెలీదు. హాబ్ అని ఇంకో మాటుంది. గోడ పొయ్యికి పక్కన, గిన్నె వెచ్చగా ఉండటానికి పెట్టే గట్టు. ఆ మాటే కొంచెం నోరు మారి ఇలా అయ్యుంటుందని అనుకుంటారు. రెండూ ఉబ్బెత్తుగా ఉండేవే కదా."

"పొయ్యి గట్టా?" అన్నాడు డ్రైవరు. "మా అమ్మ నా గిన్నె అక్కడే పెట్టేది. నేను ఏ వేళకి బండి దిగినా వేడిగా ఉండేది." ఆ ఆలోచనలో కాలు ఎప్పుడు లోపలికి తీసుకున్నాడో ఆయనకే తెలియదు. నాకు తెలుసు. నేను ఆ కాలు తప్ప ఇంకేం చూడటం లేదు.

"మరి సెంటర్ అంటారే, అదెక్కడిది?" ఈసారి తనే అడిగాడు.

"అది ములుగర్ర మొనన్నా. ఎద్దుని పొడిచే మొన. గుండ్రంగా గీత గీయాలంటే ముందు ఒక చోట మొన గుచ్చి నిలపాలి కదా, ఆ గుచ్చిన చోటు సెంటర్. మన కేంద్రం కూడా ఆ మాటే. గ్రహాల లెక్కలతో పాటు దేశాలు దాటి వచ్చింది."

"అంటే నడుమ అనేది కావాలంటే ఎక్కడో ఒకచోట పొడవాల్సిందేనన్నమాట."

"మనం నాలుగు చోట్ల పొడిచాం," అన్నాడు బావమరిది గునపం ఆపి.

కుండలో మళ్లీ టక్కుమంది. మళ్లీ నిచ్చెనెక్కి చూస్తున్న వెల్డరు అరిచాడు, మూడో చిల్లుకి చేరింది అని. డ్రైవరు ఫోన్ నా చేతిలో పెట్టేశాడు.

"ఇక నావల్ల కాదండీ. నాకూ ఇద్దరు పిల్లలు."

"దిగు," అన్నాను. "కానీ నేను ఎక్కుతున్నప్పుడు దిగు. ఉమ్మడిగా. కుదుపు లేకుండా."

మా ఆవిడ వైపు తిరిగాను. టికెట్ల గది గుమ్మంలో తలుపు రెక్క పట్టుకుని పైకి చూస్తోంది.

"నా తూకం రాళ్లు పట్రా."

ధాన్యం బజారు వదిలినప్పుడు కాటా అమ్మేశాను గాని ఇనుప రాళ్లు అమ్మబుద్ధి కాలేదు. టికెట్ల గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటున్నాం. మనసులో కూడిక వేశాను. డ్రైవరు బరువులోంచి నా బరువు తీసేస్తే మిగిలేది ఎన్ని రాళ్లు. నా బరువు నాకు కంఠతా వచ్చు. బజారులో రోజు పని అయ్యాక హమాలీలు నన్ను కాటా ఎక్కించి నవ్వుకునేవాళ్లు.

డ్రైవరు ఎడమవైపు నుంచి కొంచెం కొంచెం లేస్తుంటే నేను కుడివైపు నుంచి కొంచెం కొంచెం కూర్చున్నాను. మా ఆవిడ రాళ్లు ఒక్కొక్కటీ నా ఒళ్లో పెట్టింది. నిద్రపోతున్న పసిపిల్లని చేతులు మార్చుకున్నట్టు మార్చుకున్నాం. కుండ చప్పుడు చేయలేదు. నేల మీద కాలు పెట్టగానే డ్రైవరు గేటు వైపు వెనక్కి చూడకుండా నడిచాడు. ఆయన్ని తప్పుపట్టే హక్కు మాకు లేదు. ఆయన కొన్నది ఒక టికెట్టు.

చక్రం అంచు చుట్టూ ఉండే మోటారు తాడుని విప్పి బావమరిదీ వెల్డరూ పట్టుకున్నారు. నిదానంగా వదలాలి. సగం చుట్టుకి అమ్మాయి కిందికి వస్తుంది, నేను పైకి పోతాను. నేను పైకి పోవడం లెక్కలో లేదు. ఆ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

"వదలండి," అన్నాను.

మా ఆవిడ బ్రేకు వదిలింది. నేను నిదానంగా లేవాల్సింది. ఎవరో చంకల్లో చేతులు వేసి ఎత్తినట్టు లేచాను. అమ్మాయి వైపు బరువు దిగబడుతోంది. ఎదుటి తొట్టి వేగంగా పక్కకి జారి కిందికి పడుతోంది. తాడు వాళ్లిద్దరినీ ఈడ్చుకుపోతోంది. కుండ టక్కు టక్కుమంటోంది. ఎక్కడ తప్పింది నా కూడిక? డ్రైవరు బరువు తప్పలేదు, అమ్మాయికి జతగా నిలబడింది కదా. రాళ్ల బరువు తప్పదు, వాటి మీదే పోతపోసి ఉంటుంది. మిగిలింది ఒక్కటే. నేను నాకు తెలిసినంత లేను.

కింద అరుపులు వినిపించాయి. గేటు దాకా పోయిన డ్రైవరు పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో తాడు పట్టుకున్నాడు. తాడు ఆయన అరచేతుల్లోంచి జారింది, జారుతూ జారుతూ ఆగింది. ఆయన గొంతులోంచి వచ్చిన చప్పుడు మనిషిది కాదు. కానీ వదల్లేదు. అంగుళం అంగుళం వదులుతూ అమ్మాయిని మెట్టు దాకా తెచ్చాడు. బ్రేకు పడింది.

ఇప్పుడు నడినెత్తిన నేనున్నాను. నాకు ఎదురుగా, కిందుగా ఎర్రక్షరాల రేకు ఒక బోల్టు మీద వేలాడుతోంది. దాని వెనక పగులు నాకు ఇక్కడికి కూడా కనిపిస్తోంది, నల్లటి గీతలా. అమ్మాయి దిగాలంటే ఆమె చోట అంత బరువు పడాలి. దానికి బావమరిది తవ్విన మట్టి బస్తా ఉంది, అమ్మాయంత బరువు ఉండేలా నింపాడు. కానీ అమ్మాయంత బరువు పెడితే మళ్లీ ఇదే కథ. నా వైపు తక్కువ. ఈసారి ఇటునుంచి అటు తిప్పేటప్పుడు పట్టడానికి డ్రైవరు చేతులు లేవు.

ఫోన్ మోగింది. అమ్మాయి ఇంకా తొట్టిలోనే కూర్చుని ఉంది.

"నాన్నా, కదలకు. బస్తాలోంచి ఎంత తియ్యాలో చెప్పు. నువ్వు ఎంత ఉన్నావు?"

ఊళ్లో ఎవరి బరువైనా చెప్పేవాణ్ణి.

"నాన్నా?"

"తెలీదమ్మా."

కింద మా ఆవిడ బస్తా దగ్గరికి నడవడం కనిపించింది. మూతి విప్పి, దోసిళ్లతో మట్టి తీసి పక్కన పోసింది. ఎవరినీ అడగలేదు. పోసి, ఆగి, ఒకసారి పైకి నా వంక చూసి, ఇంకో దోసెడు తీసింది. దాంట్లో సగం మళ్లీ బస్తాలో వేసింది. మూతి కట్టింది. బస్తా తొట్టిలోకి వస్తుంటే అమ్మాయి బయటికి వచ్చింది, మేం మార్చుకున్నట్టే. అమ్మాయి పాదం నేల మీద పడటం నేను పైనుంచి చూశాను. ఆ తర్వాత కుండ ఏమైనా ఫరవాలేదనిపించింది. ఆ మాట ఫోన్లో అనలేదు.

బ్రేకు వదిలారు. చక్రం కదల్లేదు. ముల్లు మధ్యలో నిలబడినట్టు నిలబడింది. బావమరిది ఒక చేత్తో అంచుని నెట్టాడు. దూది దిగినట్టు దిగాను.

ఫైరింజను అప్పుడొచ్చింది. దానికి పనేం మిగల్లేదు గనక వాళ్ల నీళ్లలో డ్రైవరు చేతులు ముంచి ఉంచారు. తోలు లేచిపోయి అరచేతులు ఎర్రగా ఉన్నాయి. ఆ చేతులతో స్టీరింగు ఎప్పటికి పట్టగలడో తెలియదు. అమ్మాయి ఆయన పక్కన కూర్చుంది.

"నా టికెట్టుకి ఇంకా చుట్లు బాకీ ఉన్నాయి చెల్లెమ్మా," అన్నాడు ఆయన. "మీ నాన్నకి చెప్పు, నాకొద్దని."

సాయంత్రం ఆకులు విప్పి కుండని నేల మీదికి దించుతుంటే పగిలిన కుండ రేకు రెండుగా విడిపోయింది. కొత్త కుండ పోయించే తాహతు మాకు లేదు. ఇక ఆ రాట్నం ఎక్కడా నిలబడదు. బావమరిది రేకు బోర్డు చేత్తో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక తిరుగుతున్నాడు.

మా ఆవిడ బస్తా దగ్గర కూర్చుని చీర కుచ్చిళ్లకంటిన మట్టి దులుపుకుంటోంది. పక్కన తను తీసి పోసిన కుప్ప ఉంది. వెళ్లి దాని దగ్గర నిలబడ్డాను. అంత చిన్నదేం కాదు.

"ఎంత తియ్యాలో నీకెలా తెలిసింది?"

"మీ చొక్కాలకి కుట్టు బిగించేది ఎవరు?"

"ఎంత తీశావు?"

తను ఆ కుప్ప వైపు చూసింది, నా వైపు చూసింది.

"మీరు తగ్గినంత."